బల్లకు ఒక్క మార్కు

అల్లవరం మండలం,
జూలై మొదటి వారం

రమ్యశ్రీ వదినగారికి మరదలు లక్ష్మీదుర్గ నమస్కరించి రాసేది.

ముందుగా నా తప్పులు మన్నించాలి. ఏడో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత కిరాణా చీటీలు తప్ప ఏమీ రాయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఎక్కడ మానాలో తెలియడం లేదు. పగలంతా ఐసులో నానిన వేళ్లు పెన్ను పట్టుకుంటే వంకర తిరుగుతున్నాయి, అక్షరాలు గీత మీద నిలబడడం లేదు. మీరు పెద్ద చదువు చదువుతున్నారు. నవ్వకుండా చదవండి.

ఫోను చేయొచ్చు కదా అంటారేమో. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది అత్తగారి దగ్గర ఉంటుంది. మస్కట్ నుంచి మీ తమ్ముడు మాట్లాడినా స్పీకరు పెట్టాల్సిందే. ఆవిడని తప్పుపట్టడం లేదండి, ఆవిడకి కొడుకు గొంతు వినాలని ఉంటుంది. కానీ నాకు పక్కన ఎవరైనా ఉంటే మాట పెగలదు. మీరు వెళ్తూ కవర్లు ఇచ్చి, "ఏదైనా గుర్తొస్తే రాయి మరదలా" అన్నారు కదా. అందుకని రాస్తున్నాను. జవాబు మా ఊరి పోస్టాఫీసు పేరున రాయండి. కంపెనీ వ్యాను ఎక్కేది అక్కడే. పోస్టమ్మగారు నా చేతికే ఇస్తానన్నారు.

మీరు మా రొయ్యల కంపెనీకి సర్వేకి వచ్చిన రోజు భోజనాల గదిలో కాగితాలు పంచి ఒక్కో మాటా పైకి చదివారు. "మా బల్ల దగ్గర ఒంట్లో బాగోలేదని చెప్పుకోవచ్చు." "ఒకరికి చేతకాకపోతే మిగిలినవాళ్లు సర్దుకుంటారు." అలాంటివి. ఐదంటే పూర్తిగా నిజం, ఒకటంటే అసలు కాదు అని రెండుసార్లు చెప్పారు. మీరు అవతలి బల్లవాళ్ల దగ్గరకు వెళ్లగానే మా సుందరక్క ఏమందో మీరు వినలేదు.

"ఏమర్రా, అందరూ ఐదే కొట్టండి. తూకం ఒకటయ్యాక మార్కు కూడా ఒకటే. ఎవత్తయినా తక్కువేసి బల్ల పరువు తీసిందో, రేపట్నించి దాని రొయ్యలు దాన్నే ఒలుచుకోమంటాను, ఆయ్!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ అన్నదీ తప్పు కాదండి. మా బల్లకి ఎనిమిది మందిమి. ఎవరు ఒలిచినా ఒకే టబ్బులో వేస్తాం. టబ్బుకి ఒకే తూకం, వచ్చిన డబ్బు ఎనిమిది వాటాలు. ఎవరి చెయ్యి ఎంత చురుకో, ఎవరిది ఎంత మందమో కాటాకి తెలియదు. మాకే తెలుసు.

నేను అడగాలనుకున్నది ఒక్కటే. ఆ కాగితాలు మీరే చదువుతారా? ఒక్కొక్కటీ విడిగా చదువుతారా, లేక మెషీనులో వేస్తారా? వీలు చూసుకుని చెప్పండి. తొందరేమీ లేదు. కొంచెం ఉంది.

మీ మరదలు
లక్ష్మీదుర్గ

⁂

విశాఖపట్నం,
జూలై మూడో వారం

మరదలా దుర్గా,

నీ ఉత్తరం అందింది. హాస్టల్లో నాకు ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. వాచ్‌మన్ దాన్ని అటూ ఇటూ తిప్పి, "అమ్మా, కోర్టు నోటీసు కాదు కదా?" అన్నాడు. నీ అక్షరాలు నా సంతకం కంటే ఎంతో నయం. ఇంకెప్పుడూ మన్నించమని రాయకు.

నువ్వెందుకు అడిగావో నాకు అర్థమైంది. భయపడుతున్నావు. నువ్వేం వేశావో ఎవరైనా కనిపెడతారనీ, సుందరిగారికి తెలిసిపోతుందనీ, అంతేనా? ఆ భయం ఒక్కటీ వద్దు. కాగితాల మీద పేర్లు లేవు. ఎనిమిది కాగితాల్లో నీది ఏదో నాకే తెలియదు. తెలియకూడదు కూడా. నేను మనుషుల్ని తూచడం లేదు, బల్లని తూస్తున్నాను. ఒకావిడ పొద్దున్నే ఇంట్లో గొడవపడి వచ్చి మూడు వేస్తుంది, ఇంకొకావిడ మొహమాటపడి ఐదు వేస్తుంది. ఎనిమిదీ కలిపి ఎనిమిదితో భాగిస్తే ఆ ఎగుడుదిగుళ్లన్నీ పోయి బల్ల స్వభావం మిగులుతుంది. అదే నాకు కావలసింది.

అయితే కలపడానికి ముందు ఒకటి చూడాలి. ఎనిమిది మందీ ఇంచుమించు ఒకే మాట చెబుతున్నారా, లేదా? సగంమంది కూరలో ఉప్పెక్కువైందని, సగంమంది చప్పగా ఉందని అంటే, సగటు తీసి ఉప్పు సరిపోయిందని రాయలేం కదా. అలా మాట కలవని బల్లకి మార్కే ఇవ్వకూడదు. మా గైడు మాణిక్యాలరావు గారు ఈ విషయంలో చండశాసనుడు. నాకేమో ముప్పై బల్లలు లెక్కకి నిలవాలి. ఒకటి తగ్గినా మళ్లీ మొదటికొస్తుంది.

సుందరిగారి ఉపన్యాసం చదివి గట్టిగా నవ్వాను. అందరిచేతా ఒకే మార్కు వేయించడమూ ఒకరకం ఐకమత్యమే అనుకుందాం. మా సారుకి మాత్రం చెప్పకు.

తమ్ముడు మళ్లీ ఎప్పుడొస్తాడు? మేలో సెలవుకి వచ్చినప్పుడు నేను చూడలేకపోయాను. పిన్నిని అడిగానని చెప్పు. నువ్వు చిక్కిపోయావని సర్వే రోజు అనుకున్నాను, అందరి ముందూ అనలేదు. సరిగ్గా తిను.

నీ వదిన
రమ్య

⁂

అల్లవరం మండలం,
జూలై చివర

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం వ్యానులో చదివాను. వెనక సీటులో కూర్చుని రెండోసారి చదివాను. మీరు ఇంత వివరంగా చెప్పినందుకు సంతోషం.

నాకు భయం లేదండి. నాది ఏదో మీకు తెలియదన్నారు. అలాగే, మంచిది.

మా దగ్గర ఇంకోలా జరుగుతుంది. మీరు హాలు లోపలికి రాలేదు కదా, చెబుతాను. టబ్బు నిండాక సరుకు పరీక్షించే క్యూసీ వీరేంద్రగారు వచ్చి గుప్పెడు రొయ్యలు తీసి లైటు కింద చూస్తారు. ఒక్క రొయ్యకి వీపు మీద నల్లనరం మిగిలి కనిపించినా టబ్బు మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. బల్ల మీద గుమ్మరించుకుని, ఎనిమిది మందీ తలలు వంచి మొదటినుంచి ఒక్కొక్కటీ చూడాలి. ఎవరి చేతిలోంచి వచ్చిందని తిట్టుకుంటాం. కానీ అలాంటిది ఇంకొకటి లేదని తేలేదాకా ఎవరూ బల్ల వదలరు. ఒక్కదాని కోసం అన్నిటినీ చూస్తాం.

మీ లెక్క కూడా అలాగే ఉంటుందనుకున్నాను. ఎనిమిది కాగితాల్లో ఒకటి వేరుగా ఉంటే, మళ్లీ మా బల్ల దగ్గరకు వచ్చి చూస్తారేమోనని. వస్తారా వదినగారూ? వస్తే ఏ నెలలో వస్తారు?

నేను తింటున్నాను. ఈ మధ్య ఐసు వాసన, రొయ్యల వాసన పడడం లేదు, అంతే. మధ్యలో బయటకు వెళ్లి వస్తుంటే సుందరక్క ఊరుకోదు. "ఏమే దుర్గా, మస్కట్ నుంచి నీ మొగుడొచ్చి ఆ బాత్రూములో దాక్కున్నాడేంటే, అస్తమానం పోతావు?" అంటుంది. బల్లంతా ఒకటే నవ్వు. నేను వెళ్లిన కాసేపు నా రొయ్యలు వాళ్లే ఒలవాలి కదండి. అందుకని నీళ్లు తాగడం తగ్గించాను.

అత్తగారు, అదే మీ పిన్నిగారు, ఈ మధ్య నన్ను బాగా చూస్తున్నారు. నా పళ్లెంలో చేప ముక్క ముందు వేస్తున్నారు. కొన్ని మాటలు వేళ కాకుండా బయట పెట్టకూడదని ఆవిడ ఆన. ఆషాఢం, శ్రావణం దాటాలట. ఉన్నట్టుండి పని మానేసినా నలుగురూ అడుగుతారట. అందుకని మానలేదు, ఎవరికీ చెప్పలేదు. మీకూ ఏమీ చెప్పలేదు. మీరు కూడా ఏమీ అడగలేదనుకోండి.

మీ మరదలు
దుర్గ

⁂

విశాఖపట్నం,
ఆగస్టు రెండో వారం

దుర్గమ్మా,

పనిలో తలమునకలుగా ఉన్నాను, గబగబా రాస్తున్నాను, కోప్పడకు.

ముందు తీపి కబురు. ముప్పై బల్లల లెక్కా తేలింది. అందులో మీ బల్లది అందరికంటే పైన! ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడంలో, ఒకరికొకరు ఆసరా అవడంలో మీ తరువాతే ఎవరైనా. కంపెనీవాళ్లు అడిగితే రెండు పేజీల సారాంశం పంపించాను. ఈపాటికి మీకు చెప్పే ఉంటారు. సుందరిగారికి నా తరఫున చప్పట్లు కొట్టు.

ఒక తమాషా జరిగింది విను. మీ బల్లవే ఎనిమిది కాగితాల్లో ఏడింటి నిండా ఐదులు. ఎనిమిదో దాంట్లో పై నుంచి కింది దాకా అన్నీ ఒకటి, ఒకటి, ఒకటి! ముందు కంగారుపడ్డాను. తరువాత సారూ నేనూ ఆలోచిస్తే తేలింది. పాపం ఎవరో బడిలో మార్కుల సంగతి గుర్తుపెట్టుకుని, ఒకటంటే ఫస్టు ర్యాంకు అనుకుని ఉంటుంది! నేను చెప్పింది వినిపించుకోలేదన్నమాట. అది లెక్కలో ఉంటే బల్లంతా చెడిపోతోంది. అందుకని ఆ ఒక్క కాగితాన్ని పక్కన పెట్టేశాం. ఇప్పుడు మీ బల్ల నిగనిగలాడుతోంది. ఎవరో నువ్వు కనిపెట్టగలవా? కనిపెట్టినా వెక్కిరించకు.

మీ హాలుకి మళ్లీ రావడం ఇప్పట్లో పడదు. నెలాఖరుకి హైదరాబాదు సభలో ఈ పట్టికలు చూపించాలి. సంక్రాంతి వెళ్లాక వస్తాను. ఐసు వాసన పడకపోతే ముక్కుకి గుడ్డ కట్టుకో. నీళ్లు మాత్రం తాగు, పిచ్చిపిల్లా.

నీ వదిన
రమ్య

⁂

అల్లవరం మండలం,
ఆగస్టు మూడో వారం

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. మీ లెక్క బాగా వచ్చినందుకు సంతోషం.

కంపెనీలో నోటీసు అంటించారు. మా ఎనిమిది మందినీ నిలబెట్టి ఫోటో తీశారు. నేను వెనక వరసలో ఉన్నాను. నవ్వమంటే నవ్వాను. ఇప్పుడు హాలులో ఎవరైనా ఏదైనా అంటే సూపర్‌వైజరు మా బల్లని చూపించి, "అలా ఉండండమ్మా, వాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, చూడండి" అంటున్నారు.

ఎవరో కనిపెట్టమన్నారు. నేను ఎవరినీ అడగలేదు.

ఏడో తరగతి పెద్ద పరీక్షల్లో మా క్లాసులో నాకు మూడో ర్యాంకు వచ్చింది వదినగారూ. మా నాన్న ఆ కాగితం చాలాకాలం బియ్యం డబ్బాలో దాచాడు. మీకు ఎప్పుడూ చెప్పలేదు కదా, అందుకని చెబుతున్నాను.

ఉంటాను.

దుర్గ

⁂

అల్లవరం మండలం,
సెప్టెంబరు

వదినగారికి,

మీ దగ్గరనుంచి జవాబు లేదు. సభ పనుల్లో ఉంటారనుకున్నాను. ఇంట్లో మంచం మీద ఉన్నాను. అత్తగారు గుడికి వెళ్లారు. ఆవిడ వచ్చేలోపు రాయాలి.

అప్పటికి నాకు నాలుగో నెల. రాయకుండా దాచిన మాట అదే. ఇప్పుడు లేదు.

శ్రావణం ఇంకా వెళ్లలేదు. ఆ రోజు పొద్దున్నే నడుంలో మొదలైంది. వ్యానులో కుదుపు వల్లననుకున్నాను. మా హాలులో కూర్చోవడానికి ఉండదండి, అందరం నిలబడే ఒలుస్తాం. కింద ఎప్పుడూ ఐసు నీళ్లే. మధ్యాహ్నానికి నొప్పి ఎక్కువైంది. సుందరక్కతో చెబుదామని ఆవిడ వైపు తిరిగాను. అప్పుడే వీరేంద్రగారు మా టబ్బు తీసుకుని వెనక్కి వచ్చారు.

"ఫస్టొచ్చిన బల్లే ఇలా చేస్తే ఎలాగమ్మా? నోటీసు మీద నిండా ఐదులు, రొయ్య మీద నిండా నరం!" అని నవ్వుతూ అన్నారు.

సుందరక్కకి తల కొట్టేసినట్టయింది. "ఒక్కత్తీ కదలడానికి వీల్లేదు, మళ్లీ మొదటినుంచి చూడండి" అని గుమ్మరించింది. ఇంకేం చెబుతాను. నేనూ తల వంచి చూడడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ ఎత్తి లైటు వైపు పెట్టి చూశాను. చాలాసేపు చూశాను. మధ్యలో గమ్‌బూటు లోపల తడిగా అనిపించింది. కింద నీళ్లు బూటులోకి దిగాయనుకున్నాను. అది వెచ్చగా ఉంది. నీళ్లు వెచ్చగా ఉండవు కదా వదినగారూ. అయినా నీళ్లే అనుకున్నాను. టబ్బు అయ్యేదాకా అలాగే అనుకున్నాను.

పడిపోతుంటే పట్టుకుంది సుందరక్కే. బూటు లాగి చూసి ఆవిడ వేసిన కేక హాలంతా వినిపించిందట. నన్ను చంటిపిల్లలా చేతుల మీద ఎత్తుకుని గేటు దాకా పరుగెత్తింది. వ్యాను డ్రైవరు సూపర్‌వైజరుకి చెప్పి రావాలంటే వాడి చొక్కా పట్టుకుంది. అమలాపురం ఆసుపత్రికి చేరేదాకా నా తల ఆవిడ ఒళ్లోనే ఉంది. రొయ్యల వాసన వచ్చే చేత్తో నా మొహం తుడుస్తూ ఒకటే మాట.

"చెబితే కూర్చోబెట్టమటే? ఒక్కముక్క చెబితే కూర్చోబెట్టమా? నేనేమైనా రాక్షసినటే?"

అప్పటికే అయిపోయిందని డాక్టరమ్మగారు చెప్పారు.

మిగిలిన ఆరుగురూ మర్నాడు ఇంటికి వచ్చారు. ఒకరు గుడ్లు తెచ్చారు, ఒకరు కొబ్బరిబొండాలు. అందరూ అదే అడిగారు, ఎందుకు చెప్పలేదని. అత్తగారు గుమ్మంలో నిలబడి, "నేనే చెప్పొద్దన్నానమ్మా. దిష్టి తగులుతుందని నేనే నోరు కట్టేశాను" అని తల బాదుకున్నారు. ఆవిడని ఆపడానికి నేను లేవలేకపోయాను. మీ తమ్ముడు ఫోను చేశారు. వెనకాల బళ్ల చప్పుడు వినిపించింది. రోడ్డు పక్కన ఆపుకుని ఉంటారు. చాలాసేపు ఆ బళ్ల చప్పుడే విన్నాను.

వదినగారూ, ఆ ఒకట్లు నావి.

ఒకటంటే అసలు కాదని మీరు చెప్పింది నేను రెండుసార్లూ విన్నాను. ఒంట్లో బాగోలేదని చెప్పుకోవచ్చు అన్నదానికి ఒక్కదానికే ఒకటి వేద్దామనుకున్నాను. అంత కాగితంలో ఒక్కటి మీ కంటికి ఆనదేమోనని అన్నిటికీ వేశాను. నోటితో చెప్పకూడదని ఆన ఉంది. కాగితం మీద పేరు రాయక్కర్లేదన్నారు. ఇది చూస్తే మీరు మా టబ్బుని వెనక్కి తెస్తారనుకున్నాను. బల్ల మీద గుమ్మరించి, ఎవరమ్మా, ఏమైందమ్మా అని ఒక్కొక్కరినీ అడుగుతారనుకున్నాను. మీరడిగితే చెప్పేదాన్ని. అడిగినవాళ్లకి చెబితే ఆన తప్పినట్టు కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

అత్తగారు వస్తున్నారు.

దుర్గ

⁂

విశాఖపట్నం,
సెప్టెంబరు చివర

దుర్గా,

ఏమని మొదలుపెట్టను? ఫోను చేశాను, పిన్ని ఎత్తింది. నువ్వు పక్కనే ఉన్నావు. "బాగున్నావా" అన్నాను, "బాగున్నానండి" అన్నావు. ఆ రెండు మాటలకీ నాకు సిగ్గేసింది.

నీ కాగితం తీసి నా బల్ల మీద పెట్టుకున్నాను. ఒకట్ల చుట్టూ నువ్వు గీసిన సున్నాలు ఒకే సైజులో, ఒకేలా, ఎంత జాగ్రత్తగా ఉన్నాయో! నిర్లక్ష్యంగా గీసిన చెయ్యి కాదది. చూడలేదు. చూడదలచుకోలేదు.

ఏడుగురు ఐదు, ఒకరు ఒకటి. కలిపి భాగిస్తే నాలుగున్నర వస్తుంది. నువ్వు ఉన్నా మీ బల్లకి మంచి మార్కే వచ్చేది. నన్ను భయపెట్టింది అది కాదు. అందరి మాటా ఎంత కలిసిందో చూసే లెక్క ఒకటి ఉందన్నాను కదా. మాట పూర్తిగా కలిస్తే అది ఒకటి, అసలు కలవకపోతే సున్నా. నిన్ను తీసేస్తే నిండుగా ఒకటి వస్తుంది. నిన్ను ఉంచితే సున్నా. సరిగ్గా సున్నా. నీ ఒక్కదాని మాట ఏడుగురి ఐకమత్యాన్నీ సున్నా చేస్తోంది. ఆ సున్నా దగ్గర ఆగి, ఇక్కడ ఎవరో ఉన్నారు అనుకోవాల్సింది పోయి, నా ముప్పైలో ఒక బల్ల పోతోందనుకున్నాను. ఫస్టు ర్యాంకు కథ అప్పుడు పుట్టింది. చదువు లేని ఆడవాళ్లకి అర్థమై ఉండదు అనేసుకుంటే ఎంత తేలికగా ఉందో.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే నేను మనిషిని కాను. నీ మూడో ర్యాంకు మాట చదివిన రోజే నాకు అర్థమైంది. వినిపించుకోని పిల్ల కాదని, ఆ కాగితం నీదేనని. ఆ సాయంత్రమే బస్సెక్కి ఉండాల్సింది. వారంలో హైదరాబాదు సభ. అది అయ్యాక రాద్దాం, నిదానంగా అడుగుదాం అనుకున్నాను. సభలో మీ బల్లని తెర మీద చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. ఏ రోజు చూపించానో, నువ్వు ఏ రోజు పడిపోయావో పక్కపక్కన పెట్టి చూసుకునే ధైర్యం నాకు లేదు.

నీ కాగితం తిరిగి లెక్కలో కలిపాను. సారు, "అయితే ఆ బల్ల తీసేయాలి, మాట కలవలేదు" అన్నారు. తీసేశాం. ఇప్పుడు నా పరిశోధనలో మీ బల్లే లేదు. ఎనిమిది మందీ పోయారు. ఇదీ న్యాయంగా లేదు. నువ్వు ఒప్పుకుంటే చివరి అధ్యాయంలో నీ సంగతి, పేరు లేకుండా, రాస్తాను. ఒప్పుకోకపోతే రాయను. నా మీద కోపం లేదని మాత్రం రాయకు. ఉంటే ఉందనే రాయి.

రమ్య

⁂

అల్లవరం మండలం,
నవంబరు

వదినగారికి నమస్కారాలు.

ఆలస్యమైంది. మళ్లీ పనిలోకి వెళ్తున్నాను. ఇంట్లో ఉంటే అత్తగారు నన్ను చూసి, నేను ఆవిడని చూసి ఇద్దరం ఏడుస్తున్నాం. హాలులో అయితే చేతులకి పని ఉంటుంది.

సుందరక్క వాళ్లింటి నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి మా బల్ల పక్కన వేసింది. హాలులో స్టూళ్లు ఉండకూడదు. వీరేంద్రగారు చూసి కూడా చూడనట్టు వెళ్లిపోతున్నారు. "ఎవత్తికి కాళ్లు లాగినా కూర్చోండి, సిగ్గుపడకండి" అని పొద్దున్నే అందరికీ వినపడేలా చెబుతుంది. కానీ ఎవరూ కూర్చోరు. అది నాదని అనుకుంటున్నారు. నేనూ కూర్చోను. నాకు ఇప్పుడు అక్కర్లేదు కదండి. అది అక్కడ ఉంటుంది, దాని చుట్టూ ఎనిమిది మందిమి నిలబడి ఒలుస్తాం.

ఏ మార్కు నిజమో నాకు తెలియడం లేదు. నన్నెత్తుకుని పరుగెత్తిన మనిషి వేసిన ఐదు అబద్ధమని ఎలా అంటాను? నేను నోరు తెరిచి అడిగి చూడలేదు. అడిగితే కూర్చోబెట్టేవాళ్లేమో. అప్పుడు నా ఒకటే అబద్ధం. కానీ ఆ రోజు నాకు అడగగలనని అనిపించలేదు, అది నిజం. రెండూ ఎలా నిజమవుతాయో మీ సారుకి తెలిస్తే చెప్పండి.

మీ పుస్తకంలో రాయాలంటే రాయండి. పేరు వద్దు. మా బల్లని తీసేయకుండా ఉంచగలిగితే బాగుండును. సుందరక్కకి ఆ నోటీసంటే ఎంత గర్వమో. ఇప్పుడు దాని ముందు నుంచి తల తిప్పుకుని వెళ్తోంది.

కోపం సంగతి అడిగారు. లేదని రాద్దామని మొదలుపెట్టి, ఆ కాగితాలు చింపేశాను. ఉంది వదినగారూ. ఎక్కువ కాదు. మీ మీద కంటే నా మీద ఎక్కువ ఉంది, మీ మీద కూడా ఉంది. మీరు వచ్చి నా పక్కన కూర్చుంటే తగ్గుతుందేమో. సంక్రాంతి వెళ్లాక అన్నారు. అంతకుముందే రండి.

ఇంకొక్క మాట. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ తమ్ముడికి కూడా. రొయ్యలు ఒలిచేటప్పుడు చేతులు వాటంతట అవే పనిచేస్తాయి, మనసు ఖాళీగా ఉంటుంది. అలా ఖాళీగా ఉన్నప్పుడు ఒక పేరు అనుకున్నాను. ఆడపిల్ల అయినా మగపిల్లాడు అయినా సరిపోయేలా. ఆ పేరుతో నా లోపల నేనే పిలుచుకునేదాన్ని. ఈ టబ్బు నిండితే ఇంటికి పోదాం, కొంచెం ఓర్చుకో అని. బయటకి ఒక్కసారీ అనలేదు. పుట్టనివాళ్లకి పేరు పెట్టకూడదట. ఇప్పుడు అందామన్నా ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు, హాలులో ఎనిమిది మందిమి ఉంటాం. ఎవ్వరూ ఒక్కసారైనా పిలవకుండానే వెళ్లిపోయింది.

మీకు విడిగా గది ఉందన్నారు. తలుపు వేసుకుని, ఎవరూ లేకుండా చూసి, ఒక్కసారి పైకి పిలవండి. గట్టిగా అక్కర్లేదు. గుమ్మం బయట ఆడుకుంటున్న బిడ్డని అన్నానికి పిలిచినట్టు పిలిస్తే చాలు.

తేజ.

పాత ఉత్తరాలు మీ దగ్గర ఉంచుకోండి, మీ పుస్తకానికి పనికొస్తే వాడుకోండి. ఇది మాత్రం దేనిలోనూ కలపకండి. పిలిచాక కాల్చేయండి.

మీ మరదలు
దుర్గ